చరిత్ర నడుమ రక్తపిశాచి

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

రక్తపిశాచుల ఐతిహ్యాన్ని నిజమైన చరిత్రతో కలిపి రాసే నవలల గురించి గత సంచికలో ఒక పాఠకునికి క్లుప్తంగా జవాబిచ్చాము. ఆ తరువాత గోదావరి డెల్టా ఊళ్ల నుంచి అదే విషయం మీద ఉత్తరాలు ఎక్కువగా వచ్చాయి. రాసినవారిలో కొందరు తామే అలాంటి నవల మొదలుపెట్టినవారు కావడం సంతోషం కలిగించింది. అందువల్ల ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ ఉత్తరాలకే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: 1820–40 మధ్య రాజమండ్రి జిల్లాలో జరిగినట్టుగా ఒక నవల రాస్తున్నాను. ఆ ఇరవై ఏళ్లలో జిల్లా జనాభా బాగా తగ్గిందని చదివాను. కోరంగి రేవులో దిగిన ఒక విదేశీ రక్తపిశాచి వల్లనే ఊళ్లు ఖాళీ అయ్యాయని, కంపెనీ దొరలు ఆ రహస్యాన్ని దాచి నెపాన్ని కరువు మీదికి నెట్టారని నా కథ. దీనివల్ల చరిత్రకు అన్యాయం జరుగుతుందంటారా?
– ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: జరుగుతుందనే నా అభిప్రాయం. జనాభా గురించి మీరు చదివినది నిజమే. 1821–22లో సుమారు 7,38,000 మంది ఉన్న ఆ జిల్లాలో ఇరవై ఏళ్లు తిరిగేసరికి మిగిలినవారు సుమారు 5,61,000 మంది. అంత పెద్ద తేడా కంటబడితే దాన్ని కథగా మలచాలని ఏ రచయితకైనా అనిపిస్తుంది. అయితే ఆ జనం ఎందుకు పోయారో తెలియకపోతే కదా పిశాచిని తేవడం! కారణాలు తెలిసినవే. మోయలేని శిస్తుల కింద జమీలు ఒకదాని తరువాత ఒకటి కూలిపోయాయి. పట్టించుకునే నాథుడు లేక చెరువులూ పంటకాలువలూ పూడిపోయాయి. ఇంగ్లండు మరబట్టలు వచ్చిపడి, కంపెనీ తన కొనుగోళ్లు మానుకున్నాక ఇంజరం, మాధవాయపాలెం చుట్టుపక్కల మగ్గాలు ఆగిపోయాయి. 1832–33లో నందన నామ సంవత్సరపు కరువు వచ్చింది. 1839 నవంబరు 25న వచ్చిన ఉప్పెన కోరంగిని ముంచెత్తింది. జిల్లా దుస్థితి మీద కంపెనీ అధికారి హెన్రీ మాంట్‌గొమరీ విచారణ జరిపి 1844లో ప్రభుత్వానికి నివేదిక ఇచ్చారు. ఆనకట్ట కావాలన్న ఆర్థర్ కాటన్ మాట చెవికెక్కింది ఆ రోజుల్లోనే. ధవళేశ్వరంలో 1847లో మొదలైన పని 1852కు పూర్తయింది.

ఇప్పుడు మీ కథను ఈ సంగతుల పక్కన పెట్టి చూడండి. అందులో దొరల తప్పు ఒక రహస్యాన్ని దాచడం వరకే. శిస్తు వసూలు, నీటి వనరుల నిర్లక్ష్యం, ఆగిన మగ్గాలు అన్నీ నేపథ్యంలోకి జారిపోయి, ఎక్కడినుంచో ఓడలో వచ్చిన ఒక వింత జీవి మీద ఆ చావులన్నీ పడతాయి. ఆ కరువులో పోయినవారి వారసులు ఇప్పటికీ ఆ ఊళ్లలోనే ఉన్నారు, మీ నవల చదవబోయేది వాళ్లే. తమ పూర్వీకులు పన్ను కట్టలేక, గింజ దొరకక చనిపోయారన్న నిజాన్ని ఒక థ్రిల్లు కోసం వారి నుంచి తీసుకోవడం నాకు సమ్మతం కాదు.

అలాగని రక్తపిశాచిని వదిలిపెట్టమని చెప్పడం లేదు. వాడిని చావులకు కారణంగా కాకుండా, వాటిని కళ్లారా చూసినవాడిగా నిలబెట్టండి. బతికినంత కాలం దొంగచాటుగా, ఒక్కొక్కరిని ఎంచుకుని, ఎవరికీ అనుమానం రాకుండా ఆకలి తీర్చుకున్న ఆ జీవి నందన కరువులో ఈ డెల్టాకు వచ్చిందనుకుందాం. బాట పక్కన మనుషులు పడి ఉన్నారు. దాక్కోవలసిన అవసరం లేదు, అడిగేవాడు లేడు, దండకవిలెలో పేరు కొట్టివేయడానికి కరణం కూడా ఊళ్లో లేడు. అతడు ఒకరి మణికట్టు చేతిలోకి తీసుకుంటాడు. ఎముక మీద చర్మం తప్ప ఏమీ లేదు. తాగడానికి అందులో రక్తమే లేదని తెలిసి, వందల ఏళ్లలో మొదటిసారిగా ఆ చేతిని మెల్లగా కింద పెడతాడు. ఇలాంటి ఘట్టం ఒక్కటి బాగా రాస్తే కల్పన చరిత్రను కప్పివేయదు, ఇంకా స్పష్టంగా చూపిస్తుంది. చరిత్ర రాయకుండా వదిలిన చోటు చాలా ఉంది. చనిపోయినవారు ఎందరో ఉజ్జాయింపుగా చెప్పే లెక్కలు ఉన్నాయి గాని, వారిలో ఒక్కరి చివరి రాత్రి ఎలా గడిచిందో చెప్పే కాగితం లేదు. మీ పిశాచికి చోటు ఆ ఖాళీలోనే ఉంది. జవాబు ఉన్న చోట వాడిని తెచ్చి జవాబును చెరిపివేయవద్దు.

ప్రశ్న: డ్రాక్యులా నిజంగా ఒక రాజేనని, ఆయన మనుషుల రక్తం తాగేవాడని మా కళాశాలలో మిత్రులు వాదిస్తున్నారు. ఇందులో నిజమెంత?
– డిగ్రీ విద్యార్థి, నరసాపురం

జవాబు: రాజు నిజం, రక్తం తాగడం కల్పన. మూడవ వ్లాద్ 15వ శతాబ్దంలో, ఇప్పటి రుమేనియా దక్షిణ భాగమైన వలాకియాను పాలించాడు. ఆయన ముఖ్యమైన పాలనాకాలం 1456 నుంచి 1462 వరకు. తండ్రి రెండవ వ్లాద్ 1431లో 'డ్రాగన్ సంఘం' అనే క్రైస్తవ వీరుల కూటమిలో చేరి 'డ్రాకుల్' అనిపించుకోవడం వల్ల కొడుకుకు 'డ్రాక్యులా' అనే ఇంటిపేరు లాంటిది వచ్చింది. శత్రువులను కొర్రు వేయించడంలో ఆయన చూపిన క్రూరత్వం గురించి జర్మన్ భాషలో కరపత్రాలు అచ్చయి ఐరోపా అంతటా తిరిగాయి. 1462లో తన మీదికి దండెత్తి వచ్చిన తురుష్క సుల్తాను రెండవ మెహ్మద్‌కు రాజధాని తిర్గోవిష్టె దగ్గర కొర్రులకు గుచ్చిన శవాల వనం ఎదురైందని చరిత్రకారులు రాశారు. ఇంతవరకు చరిత్ర.

బ్రామ్ స్టోకర్ 1897లో తన నవల ప్రచురించే నాటికి ఆ రాజు పోయి నాలుగు వందల ఏళ్లు దాటింది. స్టోకర్ ట్రాన్సిల్వేనియాకు ఎన్నడూ వెళ్లలేదు. 1890లో ఇంగ్లండులోని విట్బీ గ్రంథాలయంలో విల్కిన్సన్ రాసిన ఒక పాత పుస్తకంలో ఆ పేరు ఆయన కంటబడింది. అప్పటికే మనసులో ఉన్న రక్తపిశాచి ప్రభువుకు ఆ పేరు తగిలించాడు. వ్లాద్ జీవితం గురించి ఆయనకు తెలిసినది చాలా తక్కువ. ఇద్దరినీ ఒక్కరిగా చేసినది ఆ తరువాత వచ్చిన పరిశోధకులు, సినిమావాళ్లు, పర్యాటక వ్యాపారులు. వ్లాద్ పాలించిన ఆ ఏళ్లలోనే రాజమహేంద్రవరం కపిలేంద్ర గజపతి ఏలుబడిలో ఉండేది. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, మీలో ఎవరైనా వ్లాద్‌ను పాత్రగా పెట్టి మన తీరానికి తీసుకురావాలనుకుంటే, ఆనాటి గోదావరి మీద దొరలు గాని వారి కోఠీలు గాని లేవు. తురకలతో యుద్ధం అక్కడి కథ, గజపతులకూ బహమనీ సుల్తానులకూ మధ్య పోరు ఇక్కడి కథ. రెండింటినీ కలిపే దారి ఊహించగలిగితే మంచి నవలే అవుతుంది.

ప్రశ్న: ఐరోపాలో ప్రభుత్వ వైద్యులే రక్తపిశాచులు ఉన్నారని సంతకాలు పెట్టి నివేదికలు ఇచ్చారని ఒక చోట చదివి ఆశ్చర్యపోయాను. చదువుకున్నవాళ్లు అలా ఎలా రాశారు? ఆ నివేదికల్లో అసలు ఏముంది?
– గృహిణి, రాజోలు

జవాబు: అమ్మా, ఈ అంశం మొత్తంలో నాకు అత్యంత ఆసక్తికరంగా తోచేది మీరు అడిగినదే. ఆ నివేదికలు నిజంగా ఉన్నాయి. 1718లో జరిగిన సంధితో సెర్బియా ఉత్తర భాగం తురుష్కుల చేతి నుంచి ఆస్ట్రియా చేతికి వచ్చింది. సరిహద్దు పల్లెల్లో జనం పాతిపెట్టిన శవాలను తవ్వి తీసి గుండెలో మేకులు దిగగొట్టి కాల్చడం చూసి, కొత్తగా వచ్చిన ఆస్ట్రియా అధికారులు బిత్తరపోయి పైకి రాసుకున్నారు. 1725లో కిసిలోవా అనే పల్లె నుంచి అలాంటి ఒక నివేదిక వెళ్లి వియన్నా పత్రికలో అచ్చయింది. అన్నిటికంటె ప్రసిద్ధమైనది 1732 జనవరి నాటిది. దాన్ని మెద్వెజా అనే పల్లెలో ఫ్లూకింగర్ అనే సైనిక శస్త్రవైద్యుడు, మరికొందరు కలిసి రాసి సంతకాలు చేశారు.

ఊరివాళ్లు చెప్పిన కథ ఇది. ఆర్నోల్డ్ పావొలె అనే సరిహద్దు కావలి సిపాయి కొన్నేళ్ల ముందు గడ్డి బండి మీద నుంచి పడి మెడ విరిగి చనిపోయాడు. తనను ఒకప్పుడు ఒక రక్తపిశాచి పీడించిందని, దాని సమాధి మట్టి తిని ఆ బాధ తప్పించుకున్నానని బతికుండగా చెప్పేవాడట. అతడు పోయిన కొన్ని వారాలకు కొందరు తమ మీద అతడు వచ్చి పడుతున్నాడని మొరపెట్టుకున్నారు, నలుగురు చనిపోయారు. నలభయ్యవ రోజున తవ్వి చూస్తే శవం కుళ్లలేదు. కళ్ల నుంచీ ముక్కు నుంచీ నోటి నుంచీ ఎర్రని రక్తం కారి చొక్కా తడిసి ఉంది, పాత గోళ్లు ఊడి కొత్తవి వచ్చి ఉన్నాయి. మేకు దిగగొట్టినప్పుడు మూలిగాడు. మళ్లీ 1731 చలికాలంలో మూడు నెలల్లో పదిహేడు మంది పోవడంతో ఊరు గగ్గోలెత్తిపోయింది. ముందు అంటురోగాల వైద్యుడొకరు వచ్చి, అంటువ్యాధి ఏదీ లేదని తేల్చాడు. ఆ తరువాతే ఫ్లూకింగర్ బృందం వచ్చి సమాధులను ఒక్కొక్కటిగా తెరిపించింది.

అందులో అరవై ఏళ్ల మిలిజా అనే స్త్రీ గురించి రాసిన భాగం చదివితే మనసు కలుక్కుమంటుంది. ఆమె జీవితమంతా బక్కపలచగా ఉండేదని, పక్కన నిలబడిన ఇరుగుపొరుగు చిన్ననాటి నుంచీ ఎరిగినవారే కావడం వల్ల, సమాధిలో ఆమె నిండుగా కనిపించేసరికి నివ్వెరపోయారని వైద్యుడు రాశాడు. ప్రసవంలో పోయిన ఇరవై ఏళ్ల స్తానా, కొందరు పసిపిల్లలు కూడా ఆ జాబితాలో ఉన్నారు. కుళ్లిన శవాలను తిరిగి పూడ్చారు. కుళ్లనివాటి తలలు తీయించి, కాల్చి, బూడిదను మొరావా నదిలో కలిపించారు.

ఆ వైద్యులు అబద్ధం రాయలేదు, చూసినదే రాశారు. చూసినదానికి అర్థం చెప్పగల శాస్త్రం అప్పటికి వారి దగ్గర లేదు. మనిషి పోయాక లోపల పుట్టే వాయువులతో దేహం ఉబ్బుతుంది, బక్కవాళ్లు సైతం నిండుగా కనిపిస్తారు. ఆ ఒత్తిడికి ఊపిరితిత్తుల నుంచి ఎర్రని ద్రవం ముక్కుకూ నోటికీ ఎగదన్నుతుంది. పైచర్మం గోళ్లతో సహా ఊడినప్పుడు కిందనున్న మెత్తని భాగం కొత్త గోరులా మెరుస్తుంది. ఛాతీలోకి మేకు దిగితే వాయువు గొంతు గుండా బయటికి తన్నుకువచ్చి మూలుగులా వినిపిస్తుంది. సెర్బియా చలికి మట్టి కింద దేహం నెమ్మదిగా కుళ్లుతుంది. 1755లో మరో ఊళ్లో ఒక స్త్రీ శవాన్ని తవ్వి కాల్చిన తరువాత, మహారాణి మరియా థెరీసా తన ఆస్థాన వైద్యుడు వాన్ స్వీటెన్‌ను సంప్రదించి, అధికారుల అనుమతి లేకుండా సమాధులు తవ్వడాన్ని నిషేధించింది.

నవల రాయదలచినవారు ఈ నివేదికలోని భాషను గమనించాలి. రాసినవారి భయం గురించి ఒక్క మాట కూడా లేకుండా ఎనిమిదవ శవం, తొమ్మిదవ శవం అంటూ లెక్కలా సాగుతుంది. ఆ పొడి భాషే చదివేవాళ్ల వెన్నులో చలి పుట్టిస్తుంది.

ప్రశ్న: మన బేతాళుడు, పాశ్చాత్యుల రక్తపిశాచి ఒకటేనా? మా ఊళ్లో రాత్రిపూట చెరువు గట్ల మీద కనిపించే కొరివి దయ్యాల గురించి మా నాయనమ్మ చెప్పేది. అవి మనుషుల రక్తం తాగుతాయా?
– ఉపాధ్యాయుడు, పాలకొల్లు

జవాబు: ఒకటి కావు. రిచర్డ్ బర్టన్ 1870లో బేతాళ కథలను ఇంగ్లీషులో తిరగరాసి పుస్తకం పేరులోనే రక్తపిశాచి అనడంతో పడమటివారిలో ఆ పొరపాటు నాటుకుంది. 11వ శతాబ్దంలో సోమదేవుడు కూర్చిన కథాసరిత్సాగరంలోనైనా, మనం చిన్నప్పుడు చందమామలో చదివిన కథల్లోనైనా బేతాళుడు పరుల శవాన్ని ఆవహించి, కథ చెప్పి, ప్రశ్న అడిగి, జవాబు వినగానే చెట్టెక్కేవాడే. అతనికి కావలసింది రాజు మౌనం తెగడం, రక్తం కాదు. కొరివి దయ్యం దారి తప్పించి భయపెడుతుంది గాని, ఎవరి మెడా కొరకదు.

ఇక్కడ గమనించవలసిన తేడా ఒకటుంది. సెర్బియా పల్లెలో దయ్యం తిరిగి రావడానికి పాతిపెట్టిన దేహం ఉంది. మన డెల్టాలో చాలా కులాలవారు దహనం చేసి బూడిదను గోదావరిలో కలుపుతారు కాబట్టి తిరిగి రావడానికి దేహం మిగలదు. అందుకే మన దయ్యాలు సాధారణంగా గాలిలా వచ్చి ఒకరిని పడతాయి, పూనుతాయి, వదిలిస్తే పోతాయి. అయితే ఖననం మనకూ ఉంది. జంగాలు, సన్యాసులు, పసిపిల్లలు, ముస్లిములు, క్రైస్తవులు మట్టికే చేరతారు. వీరితోపాటు ఈ తీరంలో సొంత దేశానికి తిరిగి వెళ్లలేక చనిపోయిన ఐరోపా వర్తకులూ ఉన్నారు. మీ పాలకొల్లులో, కాకినాడ జగన్నాథపురంలో డచ్చివారు వర్తకం చేశారు. బందరులో వారి సమాధుల రాళ్ల మీద 17వ శతాబ్దపు చెక్కడాలు ఇప్పటికీ కనిపిస్తాయి. విదేశీ రక్తపిశాచి కథ మన నేల మీద నమ్మదగినదిగా నిలబడాలంటే ఆ రాళ్ల మధ్య నుంచి మొదలుపెట్టడం సహజంగా ఉంటుంది. పాతిపెట్టినవాడు లేచి వస్తాడన్న భయం వారి దేశంలోది. దాన్ని విని మన కూలీ, మన పడవవాడు ఏమనుకున్నారో, తమకు తెలిసిన ఏ దయ్యంతో పోల్చుకున్నారో రాయండి. రెండు నమ్మకాలు ఒకదానికొకటి అర్థం కాకుండా ఎదురుపడే ఆ క్షణం చాలా విలువైనది. దాన్ని తొందరగా దాటవద్దు.

ప్రశ్న: యానాం నేపథ్యంగా ఇలాంటి కథ రాస్తే ఏ సంవత్సరం బాగుంటుంది?
– ఒక పాఠకురాలు, యానాం

జవాబు: నాకు రెండు కాలాలు తోస్తున్నాయి. ఫ్రెంచివారు యానాంలో తొలి ప్రయత్నం విఫలమై, 1731లో మళ్లీ వచ్చి స్థిరపడ్డారు. మెద్వెజా సమాధులు తెరిచినది ఆ చలికాలంలోనే, మన లెక్కలో విరోధికృతు నామ సంవత్సరం. ఆ నివేదిక 1732లో ఐరోపా పత్రికలన్నిటా మారుమోగింది కాబట్టి, ఏడాది తిరిగేసరికి ఓడలో వచ్చిన ఫ్రెంచి గుమాస్తా దాన్ని చదివి ఉండడం పూర్తిగా సంభవమే.

రెండవది 1815–18. ఇండోనేషియాలో తంబోరా అగ్నిపర్వతం 1815 ఏప్రిల్‌లో బద్దలై, ఆ ధూళి వల్ల 1816లో ఐరోపాకు వేసవి లేకుండా పోయింది. జెనీవా సరస్సు ఒడ్డున వానలకు ఇంట్లో చిక్కుకున్న కవి బైరన్ బృందం దయ్యాల కథలు చెప్పుకుంది. ఆయన వెంట ఉన్న వైద్యుడు పాలిడోరీ అక్కడి ఆలోచనతోనే రాసిన కథ 1819లో అచ్చయింది, ఇంగ్లీషు వచనంలో తొలి రక్తపిశాచి కథ అదే. మన వైపు 1817లో బెంగాల్‌లో చెలరేగిన కలరా 1818లో తీరం వెంట మద్రాసు దాకా దిగింది. ఒకే కాలంలో అక్కడ కథ పుట్టడం, ఇక్కడ ఊళ్లు మూతపడడం మీ చేతికి దొరికిన అరుదైన సామగ్రి.

ప్రశ్న: నా కథలో ఊరివాళ్లు ఒక ముసలామెను చిల్లంగి (చేతబడి) చేస్తుందని అనుమానిస్తారు. చివరికి ఆమె నిజంగానే రక్తపిశాచి అని తేలుతుంది. ఈ ముగింపు పాఠకులకు నచ్చుతుందా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: కొందరికి నచ్చవచ్చు. నేను మాత్రం అలా రాయవద్దని మిమ్మల్ని చేతులెత్తి కోరుతున్నాను. చిల్లంగి నెపంతో మనుషులను కొట్టడం, ఊరి నుంచి వెళ్లగొట్టడం, చంపడం మన రాష్ట్రంలో పాతకాలపు సంగతి కాదు. అలాంటి వార్తలు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. పళ్లు ఊడగొడితే మంత్రం పారదన్న నమ్మకంతో, అనుమానించినవారి పళ్లు పీకిన ఘటనలు తెలుగు నేల మీద జరిగాయి. రక్తపిశాచి కథలో కోరపళ్లు రాసేముందు ఈ ఒక్క విషయం తలచుకోండి. అనుమానం చివరికి నిజమని తేల్చే కథ, ఆ కర్ర పట్టుకున్నవాడికి నువ్వు చేసింది సబబే అని చెబుతుంది. మీరు అలా అనదలచుకోలేదని నాకు తెలుసు, కథ మాత్రం అదే అంటుంది.

పాశ్చాత్య చరిత్రలోనూ బలైనది ఇలాంటివారే. అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రంలో ఎక్సిటర్ అనే ఊళ్లో 1892లో మెర్సీ బ్రౌన్ అనే పంతొమ్మిదేళ్ల అమ్మాయి క్షయతో చనిపోయింది. అంతకుముందే తల్లీ అక్కా పోయారు, అన్న మంచాన ఉన్నాడు. ఆమె సమాధిలోంచి వచ్చి అన్న ప్రాణం లాగుతోందని ఊరివాళ్లు శవాన్ని తీసి, గుండెను కాల్చి, ఆ బూడిదను నీళ్లలో కలిపి అతని చేత తాగించారు. కొద్ది వారాల్లో అతడూ పోయాడు. క్షయకు కారణమైన సూక్ష్మజీవిని రాబర్ట్ కోఖ్ కనుగొని అప్పటికి పదేళ్లు. ఆ తండ్రికి ఇలాంటి వాటి మీద నమ్మకం లేదని, ఇరుగుపొరుగు ఒత్తిడికి ఒప్పుకున్నాడని అంటారు. నేనైతే ఆ తండ్రినే కథానాయకుణ్ణి చేసుకుంటాను. మీ ముసలామెనూ అలాగే నిలబెట్టండి. ఊరు ఆమె ఇంటి మీదికి వెళ్లిన రాత్రి అసలు పిశాచి ఆ గుంపులోనే కాగడా పట్టుకుని నడుస్తోందని రాస్తే, మీరు కోరుకున్న భయం దక్కుతుంది, ఆమెకు న్యాయమూ జరుగుతుంది.

ప్రశ్న: ఇలాంటి నవలల్లో పిశాచిని ఎంత అద్భుతంగా రాసినా చిన్న చిన్న కాలదోషాలు చదువుతుంటే పంటికింద రాయిలా తగులుతాయి. వాటిని ఎలా తప్పించుకోవాలి?
– విశ్రాంత ఉద్యోగి, రావులపాలెం

జవాబు: మీరు చెప్పినది అక్షరాలా నిజం. నమ్మశక్యం కాని ఒక్క విషయాన్ని పాఠకుడు ఒప్పుకోవాలంటే దాని చుట్టూ ఉన్నవన్నీ నమ్మకంగా ఉండాలి. మన డెల్టా విషయంలో ఎక్కువగా జరిగే పొరపాటు నీటిది. 1852కు ముందు జరిగే కథలో లాకులు, లాకుల దగ్గర ఆగిన పడవలు, ఎండాకాలంలో పచ్చని కాలువ గట్లు రాయకూడదు. ఇప్పుడు మన కంటికి కోనసీమ అంటే కనిపించేది చాలావరకు ఆనకట్ట తరువాతి ముఖమే. ఆనాటి ఎండాకాలానికి బీటలు వారిన చేలు, ఏటిలో ఇసుక మేటలు, బావి దగ్గర గొడవలు రాయాలి. పిశాచి దాహానికి అంతకంటె తగిన నేపథ్యం ఎక్కడ దొరుకుతుంది?

పేర్ల విషయంలో కూడా జాగ్రత్త పడాలి. గోదావరి జిల్లా 1859లో ఏర్పడింది, అంతకుముందు రాజమండ్రి జిల్లా అనే రాయాలి. తూర్పు, పశ్చిమ గోదావరులు 1925లో వచ్చాయి, కోనసీమ జిల్లా 2022లో వచ్చింది. రాజమండ్రి దగ్గర రైలు వంతెన 1900 నాటిది. దానికి ముందు గోదావరి దాటాలంటే పడవే దిక్కు. ప్రవహించే నీటిని పిశాచి తనంతట తాను దాటలేదన్న పాశ్చాత్య నమ్మకాన్ని మీ కథలో వాడుకునేవారు, వశిష్ఠ, వైనతేయ, గౌతమి పాయల మధ్య లంకల్లో చిక్కుకున్న పిశాచి ఎవరి పడవ ఎక్కింది, ఆ పడవవాడికి ఏం చెప్పింది అన్నది తప్పక ఆలోచించుకోవాలి. కిరసనాయిలు దీపం 18వ శతాబ్దంలో లేదు, ఆముదం ప్రమిదే. ఉప్పెనల్లో 1789 డిసెంబరు నాటిది సౌమ్య నామ సంవత్సరంలో, 1839 నాటిది వికారి నామ సంవత్సరంలో వచ్చాయి. ఆ రాత్రి అమావాస్య అని రాసేముందు పాత పంచాంగం లెక్క ఒకసారి చూసుకోండి. పిశాచి కథలో చంద్రుడు తప్పితే తెలిసిన పాఠకుడు వెంటనే పుస్తకం మూస్తాడు.

ప్రశ్న: పుస్తకం చివర 'ఇందులో ఇది నిజం, ఇది కల్పన' అని రచయిత చెప్పాలా? చెబితే కథ మాయ పోదా?
– ఒక రచయిత్రి, మండపేట

జవాబు: తప్పక చెప్పాలి. కథ ముగిశాక చెబితే మాయ పోదు. ఇప్పుడు మనవాళ్లలో చాలామంది చరిత్రను పాఠ్యపుస్తకాల కంటె నవలల నుంచీ సినిమాల నుంచీ ఎక్కువగా తెలుసుకుంటున్నారు, విన్న సంగతి పది నోళ్లు తిరిగేసరికి ఎక్కడిదో ఎవరికీ గుర్తుండదు. ఎలిజబెత్ బాతొరీ అనే హంగరీ ప్రభువుల స్త్రీ 1614లో చనిపోయింది. ఆమె కన్యల రక్తంలో స్నానం చేసేదన్న మాట అచ్చులో కనిపించేది 1729లో. ఆమె మీద సాక్ష్యం చెప్పినవారి వాంగ్మూలాల్లో ఆ స్నానం లేదు. వందేళ్లకు పైగా గడిచాక చేరిన ఒక్క వాక్యం ఇప్పుడు ఆమె గురించి లోకానికి తెలిసిన ఒకే ఒక్క విషయమైంది.

అందుచేత చివర రెండు పేజీలు కేటాయించండి. ఏ పాత్రలు నిజంగా బతికినవారు, ఏ ఉప్పెన తేదీని కథ కోసం జరిపారు, ఏ ఊరి పేరు మార్చారు అన్నవి సూటిగా రాయండి. నిజంగా జీవించిన ఒక జమీందారుకో కలెక్టరుకో పిశాచి లక్షణాలు అంటగట్టి ఉంటే ఆ పేజీలు సరిపోవు, పేరే మార్చాలి. వారి వంశంవారు ఇంకా ఈ జిల్లాల్లో ఉండవచ్చు. కల్పిత జమీందారుకు కల్పిత జమీ ఇచ్చి, దాన్ని పిఠాపురానికీ పెద్దాపురానికీ మధ్య ఎక్కడో పెడితే కథకు వచ్చే లోటేమీ లేదు. పడవ రేవులు, శిస్తు లెక్కలు, కరువు ఏడాది మాత్రం అసలువే ఉంచండి.